గాయపడ్డవాడు అతిథి కాదు

'సుడాని ఫ్రమ్ నైజీరియా' గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు రెండు ముక్కలు తప్పకుండా వాడతారు. ఒకటి, అండర్‌డాగ్ ఫుట్‌బాల్ సినిమా. రెండు, మానవత్వం. మొదటిది తప్పు. రెండోది నిజమే గానీ, ఆ సినిమాలో ఉన్న అసలు లోపం ఆ మాట వెనకే దాక్కుంది. ఈ సినిమా నాకు ఇష్టం. నాలుగుసార్లు చూశాను, ఐదోసారి పెట్టినా కూర్చుంటాను. అందుకే ఈ గొడవ. ఇష్టం లేని సినిమాతో గొడవ పడేంత తీరిక ఎవరికుంది?

ముందు అండర్‌డాగ్ సంగతి తేల్చుకుందాం. వలస వచ్చినవాళ్ల మీద తీసే ఫుట్‌బాల్ సినిమాలకి ఒక లెక్క ఉంటుంది. 2007లో వచ్చిన 'ధన్ ధనా ధన్ గోల్' తీసుకోండి. లండన్‌లోని సౌతాల్‌లో మన ఉపఖండం వాళ్లు నడుపుకునే క్లబ్బు, సౌతాల్ యునైటెడ్. డబ్బుల్లేవు, స్పాన్సర్ లేడు, ఆడుకునే గ్రౌండు కూడా చేజారేలా ఉంది. బాగా ఆడే జాన్ అబ్రహాంని రంగు చూసి తెల్లవాళ్ల టీం పక్కన పెడితే ఇటు వస్తాడు. కోచ్‌గా బొమన్ ఇరానీ వస్తాడు. ఇక గెలవాలి, గెలిస్తేనే గ్రౌండు నిలుస్తుంది. రెండు గంటలకు పైగా జాత్యహంకారం ఎలా ఉంటుందో చూపించిన సినిమా, ఆఖర్లో దాన్ని స్కోరుబోర్డుతో తీర్చేస్తుంది. థియేటర్లో ఈలలు. బాగానే ఉంది.

నాకు ఎప్పుడూ ఒకటే డౌటు. ఓడిపోయి ఉంటే? ఆ పదకొండు మందికి బంతి తన్నడం సరిగ్గా రాకపోతే, ఆ గ్రౌండు మీద వాళ్లకి హక్కు లేనట్టేనా? కిరాణా కొట్టు నడిపేవాడు, టాక్సీ తోలేవాడు, ఆట రానివాడు, వీళ్లందరూ అక్కడ ఉండొచ్చా, వద్దా? ఈ ఫార్ములా ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు. జవాబు అక్కర్లేకుండా చేస్తుంది.

ఇది ఒక్క సినిమాల యవ్వారమే అయితే వదిలేద్దును. 2018 జులైలో మెసుట్ ఓజిల్ జర్మనీ టీం నుంచి తప్పుకుంటూ ఒక మాట రాశాడు. గెలిస్తే నేను జర్మన్‌ని, ఓడితే వలసవచ్చినవాణ్ని అని దాని సారాంశం. టర్కీ మూలాలున్న కుటుంబంలో, జర్మనీలోనే పుట్టినవాడు. 2014లో వరల్డ్ కప్ గెలిచిన టీంలో ఆడినవాడు. నాలుగేళ్ల తర్వాత అదే టీం మొదటి రౌండులోనే ఇంటికొచ్చేసరికి అతని పుట్టుక మళ్లీ చర్చకొచ్చింది. అదే ఏడాది మే నెలలో పారిస్‌లో మమూదూ గసామా అనే మాలీ కుర్రాడు నాలుగంతస్తుల బిల్డింగు బయటి నుంచి ఎక్కి, బాల్కనీకి వేలాడుతున్న పిల్లాణ్ని కాపాడాడు. అప్పటిదాకా అతనికి కాగితాల్లేవు. తర్వాత ఫ్రాన్స్ పౌరసత్వం ఇచ్చింది. సంతోషం. కానీ నాలుగంతస్తులు ఎక్కలేని వాళ్ల సంగతేంటి? మోకాళ్ల నొప్పులున్నవాళ్ల సంగతేంటి?

అండర్‌డాగ్ సినిమా వలసవాణ్ని అడిగేది ఇదే: నువ్వు మనిషివని రుజువు చేసుకో, తొంభై నిమిషాల్లో.

'సుడాని' గొప్పదనం ఇక్కడుంది. ఈ సినిమా ఆ రుజువుని అడగడానికి ఒప్పుకోదు. కథ తెలిసినవాళ్లకి ఒకసారి గుర్తుచేస్తాను, తెలియనివాళ్లు చూసి వచ్చి చదివితే మంచిది. కేరళలో మలప్పురం. అక్కడ సెవెన్స్ అని ఏడుగురు ఆడే ఫుట్‌బాల్ ఉంది. ఊరూరా టోర్నమెంట్లు, తాత్కాలికంగా కట్టిన గ్యాలరీలు, కిక్కిరిసిన జనం. ఆ టీములు డబ్బులిచ్చి ఆఫ్రికా దేశాల నుంచి ఆటగాళ్లని తెచ్చుకుంటాయి. మజీద్ (సౌబిన్ షాహిర్) అలాంటి ఒక చిన్న టీముకి మేనేజరు. చేతిలో పైసా ఉండదు. పెళ్లిచూపులకి వెళ్తే, ఏం పని చేస్తావంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. శామ్యూల్ (శామ్యూల్ అబియోలా రాబిన్సన్) నైజీరియా నుంచి వచ్చిన అతని స్టార్ ఆటగాడు. ఊళ్లోవాళ్లకి ఆఫ్రికా వాళ్లంతా సుడానీలే.

సినిమా మొదలైన కాసేపటికే శామ్యూల్ బాత్‌రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకుంటాడు. అంతే, ఆట ఖతం. మిగతా సినిమా మొత్తం మంచం మీద. దర్శకుడు జకారియా మొహమ్మద్‌కి ఇది మొదటి సినిమా. మొదటి సినిమాలోనే, ఫుట్‌బాల్ పోస్టర్ వేసుకుని, హీరో కాలు విరగ్గొట్టి, చివరి మ్యాచ్ లేకుండా కథ నడపడానికి ధైర్యం కావాలి. కాలు నయమై, వర్షంలో, ఆఖరి నిమిషంలో శామ్యూల్ గోల్ కొడతాడని మనం ఎదురుచూస్తూనే ఉంటాం. కొట్టడు. ఆడలేని శామ్యూల్, ఎవరికీ పనికిరాని శామ్యూల్, అన్నం పెట్టి ఒళ్లు తుడవాల్సిన శామ్యూల్. అతన్ని మనం ఇష్టపడాలి. ఇష్టపడతాం కూడా. ఈ ఒక్క పనికే ఈ సినిమా నిలబడుతుంది.

రెండో బలం ఆ ఇద్దరు ముసలమ్మలు. మజీద్ తల్లి జమీల, పక్కింటి బీయుమ్మ. కోళిక్కోడ్ నాటకరంగం నుంచి వచ్చిన సావిత్రి శ్రీధరన్, సరస బాలుశ్శేరి ఆ పాత్రలు వేశారు. 2018 సంవత్సరానికి కేరళ రాష్ట్ర అవార్డు ఇద్దరికీ కలిపి ఇచ్చారు. వాళ్లకి ఇంగ్లిష్ రాదు, శామ్యూల్‌కి మలయాళం రాదు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు. ఇలాంటి సీన్లలో మన దర్శకులైతే కామెడీ ట్రాకు పెట్టేవాళ్లు, లేదంటే వయొలిన్లు. జకారియా రెండూ పెట్టలేదు. ముసలమ్మలు కబుర్లు చెప్తారు, అంతే.

మూడోది మజీద్ కథ. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ మారు తండ్రి వాచ్‌మన్ ఉద్యోగం చేసుకుంటూ అప్పుడప్పుడు ఇంటికొస్తాడు, మజీద్ అతనితో మాట్లాడడు. ఎక్కడో ఖండం దాటి వచ్చినవాణ్ని ఇంట్లో పెట్టుకున్న కొడుకు, సొంత తల్లి భర్తని ఇంట్లో మనిషిగా చూడలేడు. పరాయివాడు అంటే ఎవరు అనే ప్రశ్నని ఇంతకంటే సూటిగా అడిగిన సినిమా ఈమధ్య నేను చూడలేదు. చివరికి మజీద్ ఆయన్ని ఇంటికి తీసుకొచ్చినప్పుడు, ఆ సీను ఏ గోల్ కంటే తక్కువ కాదు.

ఇన్ని చెప్పాక లోపం దగ్గరికొస్తాను.

శామ్యూల్ మజీద్ ఇంటికి ఎందుకొచ్చాడు? ఈ ప్రశ్న అడిగితే చాలామంది "మజీద్ మంచోడు కాబట్టి" అంటారు. కాదు. ఆస్పత్రి ఖర్చు పెట్టుకునే స్తోమత టీముకి లేదు కాబట్టి. శామ్యూల్ పర్యాటకుడు కాదు, చుట్టం కాదు. డబ్బుల కోసం వచ్చిన పనివాడు. పనికోసం తెచ్చుకున్న చోట, టీము ఇచ్చిన బసలో, కాలు విరిగింది. అతనికి ఇన్సూరెన్స్ లేదు, వైద్యం ఎవరు చేయించాలో రాసుకున్న కాగితం లేదు, ఆడని రోజులకి కూలి లేదు. ఊళ్లలో వేలమంది టికెట్ కొని చూసే ఆట మీద బతికే ఒక వ్యవస్థ, గాయపడ్డ కార్మికుణ్ని ఒక పేద ముసలమ్మ వంటింటికి పంపింది. సినిమా ఈ కథని తెచ్చి మన ముందు పెట్టింది, కానీ కథలో ఉన్న ఈ విషయాన్ని చూడలేదు. కార్మికుడి సమస్య తలుపు దాటి లోపలికి రాగానే అతిథి మర్యాదగా మారిపోయింది.

ఈ మార్పు వల్ల రెండు నష్టాలు. మొదటిది, శామ్యూల్‌కి కోపం తెచ్చుకునే హక్కు పోయింది. అతిథికి కోపం ఉండకూడదు కదా. అన్నం పెడుతున్న చేతిని "నా డబ్బులేవి?" అని ఎట్లా అడుగుతాడు? అతను నవ్వుతాడు, ఏడుస్తాడు, థాంక్స్ చెప్తాడు. అతని గతం కూడా మనం జాలిపడే కొలతలోనే వస్తుంది: యుద్ధం, శిబిరం, నానమ్మ, చెల్లెళ్లు. మజీద్‌కి మాత్రం చిరాకు ఉంది, స్వార్థం ఉంది, తల్లి మీద అలక ఉంది. ఆ లోపాలన్నీ ఉన్నా మజీద్ మనకి నచ్చుతాడు. శామ్యూల్‌కి మాత్రం ఒక్క లోపం పెట్టడానికి కూడా సినిమా భయపడింది. గోల్ కొట్టాలన్న షరతు తీసేసి, మంచివాడై ఉండాలన్న షరతు పెట్టింది. షరతు మారింది, షరతు పెట్టే అధికారం మాత్రం ఇంటివాళ్ల దగ్గరే ఉంది.

రెండో నష్టం ఆడవాళ్లకి. టీము చేయాల్సిన ఖర్చు ఆ ఇద్దరు ముసలమ్మల ఒళ్లు హూనం అయ్యేలా తీరింది. మనం దాన్ని అమ్మ ప్రేమ అని పేరు పెట్టి కళ్లు తుడుచుకుని బయటికొచ్చాం. ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ ఆ ప్రేమ ఎవరి బాకీ తీర్చిందో కూడా చూడాలి.

సినిమా విడుదలయ్యాక జరిగింది గుర్తుందా? రాబిన్సన్, తన రంగు వల్లే తనకి తక్కువ డబ్బులిచ్చారని సోషల్ మీడియాలో బహిరంగంగా ఆరోపించాడు. ఒప్పందం ప్రకారమే ఇచ్చామని నిర్మాతలు అన్నారు. కొన్నాళ్లకి ఇద్దరి మధ్య రాజీ కుదిరింది, రంగు ఆరోపణని అతనే వెనక్కి తీసుకున్నాడు. కాబట్టి ఎవరినీ బోనులో నిలబెట్టాల్సిన పని లేదు. నాకు ఆసక్తి కలిగించింది ప్రేక్షకుల స్పందన. ఇంత ప్రేమ చూపిస్తే ఇలా మాట్లాడతావా, కృతజ్ఞత లేదా అన్న ధోరణి చాలాచోట్ల కనిపించింది. చూశారా? సినిమాలో శామ్యూల్ అడగని ప్రశ్నని బయట నటుడు అడిగాడు. సినిమాలో శామ్యూల్ని ప్రేమించినవాళ్లకే బయట శామ్యూల్ నచ్చలేదు. అతిథి జీతం లెక్క అడిగాడు మరి.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. "సినిమా సినిమాలా చూడాలి గానీ లేబర్ ఆఫీసు రిపోర్టులా కాదు." సరే. మరి మజీద్ అప్పులు, పెళ్లిచూపుల్లో అతని అవమానం, వాచ్‌మన్ ఉద్యోగం చేసే మారు తండ్రి, ఇవన్నీ ఏంటి? ఆ ఇంట్లో డబ్బు ఎంత కొరతగా ఉందో సినిమా అణువణువునా చెప్పింది. ఆర్థిక పరిస్థితి మనవాళ్లది అయినప్పుడు కళ అయింది, పైవాడిది అయ్యేసరికి రిపోర్టు అయిందా?

చూపించొచ్చని రుజువు కూడా ఉంది. 2017లో ఆడమ్ సోబెల్ తీసిన డాక్యుమెంటరీ 'ది వర్కర్స్ కప్'. ఖతార్‌లో 2022 ప్రపంచ కప్ కోసం పనులు చేస్తున్న వలస కార్మికులకి, ఆ ప్రపంచ కప్ నిర్వాహకుల ఆధ్వర్యంలోనే ఒక ఫుట్‌బాల్ టోర్నమెంటు. కంపెనీకో టీము. ఘనా, కెన్యా, నేపాల్, ఇండియా వాళ్లు ఒకే జెర్సీలో. అచ్చం అండర్‌డాగ్ కథకి కావాల్సిన సరుకంతా ఉంది. కానీ ఆట అయిపోగానే కెమెరా వాళ్లతోపాటు క్యాంపుకి వెళ్తుంది. గెలిచిన రాత్రి కూడా వాళ్లు తమ ఇష్టానికి ఉద్యోగం మానలేరు, కంపెనీ మారలేరు. ఆ ఆట వాళ్లకి నిజమైన ఆనందం, కంపెనీకి ప్రచారం. రెండూ నిజమే అని ఆ సినిమా ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా చెప్పింది. 2010 చివర్లో ఆ దేశానికి ప్రపంచ కప్ దక్కినప్పటి నుంచి పదేళ్లలో ఐదు దక్షిణాసియా దేశాల వలస కార్మికులు 6,500 మందికి పైగా అక్కడ చనిపోయారని 2021లో గార్డియన్ పత్రిక లెక్క తేల్చింది. అవి అన్ని రకాల మరణాలూ కలిపిన లెక్క, స్టేడియం పనుల్లో పోయినవాళ్లే కాదు. అయినా అందులో మన తెలంగాణ ఊళ్లకి వచ్చిన శవపేటికలు కూడా ఉన్నాయన్నది మర్చిపోలేం.

ఇక మన దగ్గరికి. "తెలుగులో ఇలాంటి సినిమా ఎందుకు రాదు?" అని 'సుడాని' చూసిన ప్రతివాడూ నిట్టూరుస్తాడు. కథల్లేక కాదు. రహీం సాబ్ కోచింగులో హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ వలస కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ కథ మీద 2024లో 'మైదాన్' వచ్చింది, హిందీలో. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకి ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది, నిజాం సైన్యంలో పనిచేసిన సిద్దీల బస్తీ అది. ఆటో ఎక్కి ఏసీ గార్డ్స్ అని చెప్పేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? మన సినిమాల్లో మాత్రం ఆఫ్రికా మనిషి కనిపిస్తే అది డ్రగ్స్ సీను అని అర్థం. బయటికెళ్లిన మనవాళ్ల మీద 2017లో సునీల్ కుమార్ రెడ్డి 'గల్ఫ్' తీశాడు. మన ఊరికొచ్చిన పరాయివాళ్ల మీద ఏదీ?

మాది చేర్యాల. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. మా చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది బీహార్ నుంచి వచ్చిన హమాలీలు. ఇళ్లు కట్టే దగ్గర ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వాళ్లు. అందరికీ ఒకటే పేరు, "బీహారోళ్లు". మలప్పురంలో "సుడాని" ఎట్లనో, మాకు "బీహారోడు" అట్లన్నమాట. ఆ సినిమా టైటిల్ చూసి నవ్వుకున్న మనం, మన ఊళ్లో ఆ మాట వాడేటప్పుడు నవ్వుకోం.

2020 లాక్‌డౌన్ గుర్తు చేసుకోండి. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి సుమారు 1,200 మందితో బయల్దేరింది. సరిగ్గా వారానికి, మే 8న, బీహార్‌లోని ఖగడియా నుంచి 200 మందికి పైగా హమాలీలతో ఇంకో రైలు లింగంపల్లికి వచ్చింది. మిల్లులు ఆగిపోతాయి కాబట్టి రప్పించారు. స్టేషన్లో పూలిచ్చి స్వాగతం చెప్పారు. పూలు! అతిథి మర్యాద మళ్లీ. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. సొంత ఊరు వదిలి వచ్చినందుకు నెల జీతంలో సగానికి తగ్గకుండా భత్యం ఇవ్వాలని, రానుపోను ఖర్చులివ్వాలని అందులో రాశారు. ఆ డబ్బులు చేతిలో పడ్డ హమాలీ ఎవరైనా మీకు తెలుసా? పువ్వు ఇవ్వడం తేలిక. దానికి రసీదు ఉండదు.

చేర్యాల అనగానే మీకు నకాశీ బొమ్మలు గుర్తొస్తాయి. ఎర్రటి నేపథ్యం మీద బారుగా సాగే పటాలు. ఇప్పుడు ఫ్లాట్లలో గోడకి తగిలించే మాస్కులుగా, కీచైన్లుగా దొరుకుతున్నాయి. కానీ ఆ పటం గోడ కోసం పుట్టలేదు. దాన్ని చుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగే కథకుల కోసం పుట్టింది. కూనపులివాళ్లు పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పారు, డక్కలివాళ్లు మాదిగలకి జాంబ పురాణం చెప్పారు. బయటి నుంచి వచ్చిన ఆ కథకుడికి కొన్ని ఊళ్ల మీద మిరాశి ఉండేది. అంటే ఇన్ని ఊళ్లు ఇతనివి, ఇతను వస్తే ఇంత ఇవ్వాలి అని. అది హక్కు, ఇవ్వకపోతే నిలదీసి అడిగే హక్కు. దీన్ని నేను స్వర్ణయుగం అనట్లేదు. అది కులం కట్టిన లెక్క, డక్కలివాళ్లని ఊరు ఎక్కడ నిలబెట్టిందో చరిత్ర తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ ఒక్క సంగతి గమనించండి. ఇంత అన్యాయమైన ఆ ఏర్పాటులో కూడా, దూరం నుంచి వచ్చి పనిచేసి వెళ్లేవాడికి రావాల్సింది ఇంటివాళ్ల మంచితనం మీద వదిలెయ్యలేదు.

మన ఆధునిక మానవత్వం దాన్ని మంచితనం మీద వదిలేసింది. 'సుడాని' మీద నా ఫిర్యాదు మొత్తం ఇదే. మజీద్ మంచోడు కాబట్టి శామ్యూల్ బతికాడు. మజీద్ మామూలోడైతే? జమీల కాకుండా విసుక్కునే తల్లి ఉంటే? గోల్ ఫార్ములాని "ఓడిపోతే?" అన్న ప్రశ్న ఎట్లా పడగొడుతుందో, మంచితనం ఫార్ములాని ఈ ప్రశ్న అట్లాగే పడగొడుతుంది.

రేపు ఎవరైనా తెలుగులో ఈ సినిమా తీస్తారు, తప్పకుండా తీస్తారు. మిల్లులో పనిచేసే బీహార్ కుర్రాడు, వాలీబాల్ బాగా ఆడతాడు, ఊరి టీముని మండల స్థాయిలో గెలిపిస్తాడు. లేదంటే కాలు విరిగి మన అవ్వ చేతి అంబలి తాగి ఏడుస్తాడు. రెండు వర్షన్లకీ మనం ఏడుస్తాం, రివ్యూల్లో నాలుగు స్టార్లు వేస్తాం. నేను అడిగేది మూడో వర్షన్. అందులో ఆ కుర్రాడు ఆట రానివాడు, కొంచెం మొండి, అప్పుడప్పుడు తాగి గొడవ చేస్తాడు, మన అవ్వ వంట నచ్చలేదని మొహం మీదే చెప్తాడు. బస్తా మీద పడి నడుం విరిగింది. అతను మంచం మీద నుంచి లేవకుండానే, మేస్త్రీని పిలిచి, ఆగిపోయిన మూడు నెలల కూలి లెక్క అడుగుతాడు.

అప్పుడు కూడా మనకి అతను నచ్చాలి. అట్లా నచ్చేలా తీయగలిగిన దర్శకుడి కోసం ఎదురుచూస్తున్నాను. ఈలోపు 'సుడాని' మళ్లీ చూడండి, బాగుంటుంది. చూసేటప్పుడు ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టాలో మాత్రం ఒకసారి ఆలోచించండి.